కొత్త ఆయా దగ్గర పిల్లలు ఉండట్లేదు... ఆయాని మార్చాలా, ఉద్యోగం మానాలా?

ఈ వారం ఉత్తరం హైదరాబాద్ నుంచి. రాసినావిడ పేరు వద్దన్నారు. చాలా వివరంగా రాశారు, అందులో ముఖ్యమైనవి నా మాటల్లో చెప్తా.

ఆవిడా, భర్తా ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులే, కొండాపూర్ వైపు అపార్ట్‌మెంట్‌లో ఉంటారు. పాపకి నాలుగేళ్ళు, పొద్దున నర్సరీకెళ్ళి మధ్యాహ్నానికి వచ్చేస్తుంది. బాబుకి 15 నెలలు. పాపకి ఏడాదిన్నర ఉన్నప్పట్నుంచీ శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ వాళ్ళింట్లోనే ఉండి పిల్లల్ని చూసుకుంది, పిల్లలు మామ్మ అనేవాళ్ళు. బాబునైతే పుట్టినప్పట్నుంచీ ఆవిడే కాళ్ళ మీద పడుకోబెట్టుకుని లాలపోసి, చీర ఉయ్యాల్లో ఊపి పెంచింది. పోయిన నెల ఆవిడ కూతురికి కాన్పు దగ్గరపడి ఊరెళ్ళిపోవాల్సి వచ్చింది, ఇక రానని కూడా చెప్పేసింది. పిల్లలు చూస్తే గోల చేస్తారని, వాళ్ళు నిద్రపోయాక రాత్రి రైలుకి పంపించేశారు. పొద్దున లేచి మామ్మ ఏది అంటే "బజారుకెళ్ళింది, వచ్చేస్తుంది" అన్నారు.

రెండు వారాల కిందట ఏజెన్సీ ద్వారా కొత్తావిడ వచ్చింది. ముప్ఫై అయిదేళ్ళుంటాయట, నాగర్‌కర్నూల్ వైపు, తనకీ ఇద్దరు పిల్లలు, పొద్దున ఎనిమిదిన్నరకొచ్చి సాయంత్రం ఏడింటికెళ్తుంది. మనిషి నెమ్మదస్తురాలే అని ఈవిడే రాశారు. కానీ ఆవిడ ఎత్తుకుంటే చాలు బాబు వాంతి అయ్యేదాకా ఏడుస్తున్నాడు, ఆవిడ చేత్తో పెడితే ముద్ద మింగట్లేదు. పాప "నువ్వు మా ఇంటికి రాకు" అని మొహం మీదే అంటోంది. చెప్పుల స్టాండ్‌లో మామ్మ చెప్పులుండే అరలో కొత్తావిడ చెప్పులు పెడితే వాటిని తీసి బయట పారేస్తోంది, రోజూ.

ఆఫీసుకెళ్ళే మూడు రోజులూ ఈవిడ "స్నానానికెళ్తున్నా నాన్నా" అని చెప్పి, టీవీలో రైమ్స్ పెట్టించి, చెప్పులు చేతిలో పట్టుకుని చప్పుడు కాకుండా తలుపేసుకుని వెళ్ళిపోతున్నారు. ఒకరోజు ఆఫీసులో కూర్చుని ఫోన్‌లో కెమెరా చూస్తే బాబు బాత్రూమ్ తలుపు దగ్గర కూర్చుని అరచేత్తో తడుతున్నాడట, చాలాసేపు. కెమెరా స్పీకర్లోంచి "ఏడవకు నాన్నా, వచ్చేస్తున్నా" అంటే ఇంకా గుక్కపెట్టాడట. భర్తేమో రెండ్రోజులు ఏడిస్తే వాళ్ళే అలవాటైపోతారు, నువ్వే పెద్దది చేస్తున్నావంటారు. అత్తగారు రాజమండ్రి నుంచి రోజూ ఫోన్ చేసి, పిల్లల కన్నా ఉద్యోగం ఎక్కువా అంటారు. ఆయాని మార్చాలా, అత్తయ్యని పిలిపించాలా, డేకేర్‌లో వేయాలా, ఉద్యోగం మానేయాలా, ఏదో ఒకటి చెప్పండి అని అడిగారు. చివర్లో ఇంకో మాట కూడా రాశారు, దాని దగ్గరికి తర్వాత వస్తా.

అమ్మా, మీరు ఉత్తరమంతా కొత్తావిడ గురించి రాశారు గానీ నాకు అందులో అడుగడుగునా కనపడింది మామ్మే. ఆ చెప్పుల అర చూడండి. నాలుగేళ్ళ పిల్ల లెక్కలో మామ్మ బజారుకెళ్ళింది, ఇంకా రాలేదు, వచ్చినప్పుడు చెప్పులు పెట్టుకోవడానికి చోటుండాలి. ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తే మామ్మ ఇక రాదని దానికి భయం. అది పొగరు కాదు, పెంకితనం కాదు, తనకి చాలా ఇష్టమైన మనిషి కోసం ఆ పిల్ల కాపలా కాస్తోంది. మీరు బజారుకెళ్ళింది అన్నారు కాబట్టి అది ఆ మాటనే నమ్ముకుని ఎదురుచూస్తోంది, ఎదురుచూసేవాళ్ళు కొత్త మనిషిని ఎలా రానిస్తారు?

ఇక బాబు సంగతి. వాడికి మాటలు రావు, కానీ జరిగింది వాడికీ తెలుసు. రాత్రి ఉయ్యాల ఊపిన మనిషి పొద్దున లేదు. తర్వాత కొన్నాళ్ళకి అమ్మ స్నానానికెళ్తున్నా అని చెప్పి మాయమైపోవడం మొదలైంది. పిల్లలకి సుమారు ఎనిమిది నెలలప్పట్నుంచీ, మనిషి కళ్ళ ముందు లేకపోయినా ఎక్కడో ఉంది అనే ఊహ వస్తుంది, అదొచ్చాకే అమ్మ కోసం వెతుక్కోవడం మొదలవుతుంది. పది నెలల నుంచి ఏడాదిన్నర దాకా ఈ బెంగ బాగా ఎక్కువ, తర్వాత మెల్లగా తగ్గుతూ రెండు మూడేళ్ళకి సర్దుకుంటుంది. అంటే మీవాడు సరిగ్గా ఆ నడిమధ్యలో ఉన్నాడు. ఈ వయసులో మామ్మ వెళ్ళిపోకపోయినా, మీరు గుమ్మం దాటితే ఏడ్చేవాడే. వాడు ఏడవడం చూసి మనవాడికేదో అయిపోతోంది అని కంగారు పడకండి. వాడు ఏడ్చేది మీ మీద నమ్మకం ఉండబట్టే, ఆ నమ్మకాన్ని మనం ఎలా వాడుకుంటున్నాం అన్నదే ఇక్కడ చూసుకోవాల్సింది.

చెప్పకుండా జారుకోవడం చాలా ఇళ్ళల్లో చేసేదే, పెద్దవాళ్ళే సలహా ఇస్తారు, చూడనప్పుడు వెళ్ళిపోమ్మా అని. వెళ్ళేటప్పుడు ఏడుపు ఉండదు, అది నిజమే, మనకి ఆ పూట సుఖంగా ఉంటుంది. కానీ ఆ తర్వాత ఏమవుతుందో మీరే కెమెరాలో చూశారు. వాడు బాత్రూమ్ దగ్గర కూర్చున్నాడంటే మీ మాట నమ్మి కూర్చున్నాడు. ఇలా కొన్నాళ్ళు జరిగితే మీరు నిజంగా స్నానానికెళ్ళినా వదలడు, వంటింట్లోకెళ్ళినా కొంగు పట్టుకుని వెనకే వస్తాడు, ఎందుకంటే ఏ క్షణాన మాయమవుతారో వాడికి తెలీదు. వెళ్తున్నానని చెప్పి వెళ్తే గుమ్మం దగ్గర అయిదు నిమిషాలు గట్టిగా ఏడుస్తాడు, అది మీరు భరించాలి, కానీ మిగతా రోజంతా వాడికి కాపలా కాసే పని ఉండదు.

దీని గురించి ఒక పాత సంగతి చెప్తా, మీకు పనికొస్తుంది. 1960ల చివర్లో లండన్‌లో జేమ్స్ రాబర్ట్‌సన్, జాయిస్ రాబర్ట్‌సన్ అనే దంపతులు, తల్లి ఆస్పత్రిలో ఉన్న కొన్ని రోజులపాటు చిన్నపిల్లల్ని తమ ఇంట్లో ఉంచుకుని చూసుకున్నారు, రోజూ ఏం జరిగిందో రాసుకుని, కెమెరాతో తీసి పెట్టారు కూడా. ముందుగానే పిల్లల్ని అమ్మతో కలిసి వాళ్ళింటికి రప్పించుకుని అలవాటు చేశారు. ఏం తింటారు, ఎలా పడుకుంటారు, దేనికి భయపడతారు అన్నీ తల్లిని అడిగి తెలుసుకున్నారు. పిల్లల బొమ్మలు, దుప్పటి వెంట తెప్పించారు, అమ్మ ఫోటో చూపిస్తూ అమ్మ గురించి మాట్లాడుతూ ఉన్నారు. ఆ పిల్లలు బెంగ పడ్డారు, కానీ నిలదొక్కుకున్నారు. అదే రోజుల్లో 17 నెలల ఇంకో బాబుని, తల్లి రెండో కాన్పుకి వెళ్తే, తొమ్మిది రోజులు ఒక శిశు సంరక్షణ కేంద్రంలో ఉంచారు. అక్కడ నర్సులు మంచివాళ్ళే గానీ డ్యూటీలు మారుతూ ఉండేవాళ్ళు, వాడికంటూ ఒక మనిషి లేదు. మొదట్లో ఒకరి తర్వాత ఒకరి దగ్గరికెళ్ళి చేతులు చాచిన పిల్లాడు చివరికి ఎవరి దగ్గరికీ వెళ్ళడం మానేశాడు, అమ్మ వచ్చినప్పుడు అమ్మని కూడా తోసేశాడు. పిల్లల్ని బాగా దెబ్బతీసేది, ఒకరిని అలవాటు చేసుకునేలోపే ఆ మనిషి మారిపోవడం, పోయిన మనిషి ఊసు ఎవరూ ఎత్తకపోవడం. అందుకే ఆయాని మార్చే ముందు బాగా ఆలోచించమంటున్నా.

కాబట్టి మొట్టమొదటి పని, మామ్మ విషయం పిల్లలకి నిజం చెప్పండి. పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుని "మామ్మ వాళ్ళ ఊరెళ్ళింది, వాళ్ళమ్మాయికి పాపాయి పుడుతుంది, ఆ పాపాయిని చూసుకోవాలి, అందుకే మనింట్లో ఉండదు, నీ మీద కోపంతో వెళ్ళలేదు, నువ్వు నిద్రపోతున్నప్పుడు వెళ్ళింది, నీకు చెప్పాల్సింది, అమ్మ చెప్పలేదు" అనండి. కోపంతో వెళ్ళలేదన్న ముక్క తప్పకుండా చెప్పండి, ఈ వయసు పిల్లలు ఏం జరిగినా తమ వల్లే అనుకుంటారు, ఆ రోజు అన్నం తిననందుకే మామ్మ వెళ్ళిపోయిందని దాని బుర్రలో ఉన్నా ఆశ్చర్యం లేదు. మళ్ళీ వస్తుంది అని మాత్రం అనకండి, రానని ఆవిడే చెప్పింది కదా. చూడాలనిపిస్తే వీడియో కాల్ చేద్దాం అనండి, నిజంగా చేయండి. కాల్‌లో చూస్తే బెంగ ఎక్కువవుతుందేమో అని మీకనిపిస్తుంది. ఏడుస్తుంది, ఏడవనివ్వండి, అప్పుడు మీ ఒళ్ళో ఏడుస్తుంది, అది చెప్పులు విసిరేయడం కన్నా చాలా నయం. మామ్మ చీర ముక్క ఏదైనా ఇంట్లో మిగిలుంటే బాబు పడుకునేటప్పుడు పక్కన పెట్టండి, ఆ వాసన వాడికి తెలుసు. ఒక ఫోటో ప్రింట్ తీయించి పిల్లలకి అందే ఎత్తులో గోడకి అంటించండి.

ఇంకో పని చేయొచ్చు, నాకు చాలా ఇష్టమైంది ఇది. ఆ వీడియో కాల్‌లో మామ్మకీ కొత్తావిడకీ పరిచయం చేయండి, పిల్లలు చూస్తుండగా. "మా బుజ్జిగాడికి పప్పన్నంలో నెయ్యి ఎక్కువుండాలమ్మా, ముద్ద పెట్టేటప్పుడు ఇది కాకికి ఇది పిల్లికి అని పేర్లు చెప్పి పెట్టు, పడుకునే ముందు వీపు మీద కాదు, కాళ్ళ మీద జోకొట్టు" అని మామ్మే కొత్తావిడకి చెప్పాలి. పిల్లలకి ఇది ఎంత పెద్ద విషయమో మీరు చూస్తారు. మామ్మే ఈవిడకి అప్పజెప్తోంది అన్నది పాపకి అర్థమైతే కాపలా కాయాల్సిన పని దానికి తప్పుతుంది. యాస తేడా కూడా ఉంటుంది, ఇన్నాళ్ళూ శ్రీకాకుళం మాట విన్న పిల్లలు ఇప్పుడు పాలమూరు మాట వింటున్నారు, ఆ మాత్రం తేడా కూడా చిన్నపిల్లలకి కొత్తే, కొన్ని రోజులకి చెవులు అలవాటు పడతాయి. మామ్మ అని మాత్రం కొత్తావిడని పిలిపించకండి. ఆంటీయో పిన్నియో అత్తో, ఏమని పిలుస్తావని పాపనే అడగండి. చెప్పులకి స్టాండ్‌లో ఇంకో అర ఖాళీ చేసి ఇవ్వండి, అది కూడా పాప చేతే చేయించండి. మామ్మ అర కొన్నాళ్ళు ఖాళీగానే ఉండనివ్వండి, ఏం పోయింది.

రెండోది అప్పజెప్పే పద్ధతి. మీ ఉత్తరాన్ని బట్టి కొత్తావిడ వచ్చిన మొదటి రోజు నుంచే తినిపించడం, డైపర్ మార్చడం, నిద్రపుచ్చడం అన్నీ ఆవిడ మీదే పడ్డాయి. పరిచయం లేని మనిషి వచ్చీ రాగానే ఒళ్ళు ముట్టుకుని చేసే పనులు చేస్తే ఏ పసివాడైనా గింజుకుంటాడు. వీలైతే ఒక వారం సెలవో, ఇంటి నుంచి పనో తీసుకుని వరస తిరగేయండి. మొదటి ఒకటి రెండు రోజులు ఆవిడ పిల్లాడిని ఎత్తుకోనే వద్దు, మీరు పక్కనుండగా నేల మీద కూర్చుని గిన్నెలు గరిటెలు పెట్టుకుని ఆడనివ్వండి, వాడే దగ్గరికి వస్తాడు. తర్వాత మీరు తినిపిస్తుంటే ఆవిడ పక్కన కూర్చుని కబుర్లు చెప్పాలి, తర్వాత ఆవిడ ముద్ద పెడితే మీరు పక్కన ఉండాలి. స్నానం తర్వాత, నిద్రపుచ్చడం అన్నిటికన్నా ఆఖర్న. ఆ తర్వాత మీరు పది నిమిషాలు కిందకెళ్ళి రండి, చెప్పి వెళ్ళండి, చెప్పినట్టు రండి. మర్నాడు అరగంట. తర్వాత ఒక పూట. అమ్మ వెళ్తుంది, అమ్మ వస్తుంది అన్నది వాడికి మాటల్లో చెప్తే తెలీదు, ఇలా జరిగితేనే తెలుస్తుంది. మన దోబూచులాట ఇందుకు భలే పనికొస్తుంది, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని తీయడం, తలుపు చాటుకెళ్ళి రావడం, కొత్తావిడ కూడా ఆడాలి, వాడు కేరింతలు కొడుతూనే పోయిన మనిషి తిరిగొస్తుందని నేర్చుకుంటాడు.

ఇదంతా జరిగేటప్పుడు మీరు ఇంట్లోనే పక్క గదిలో లాప్‌టాప్ ముందుండి, వాడు ఏడ్చినప్పుడల్లా బయటికొచ్చి ఎత్తుకుని మళ్ళీ లోపలికెళ్తుంటే మాత్రం ఎవరికీ మంచిది కాదు. ఉంటే పూర్తిగా ఉండండి, పనిలో ఉంటే తలుపేసుకుని ఉండి మధ్యలో ఒక టైమ్ పెట్టుకుని రండి, పాలు తాగే టైమ్ అనుకోండి.

వెళ్ళే రోజు టాటా చెప్పడానికి ఒక పద్ధతి పెట్టుకోండి, రోజూ ఒకేలా, చిన్నగా. ముద్దు పెట్టి, బాబుని కొత్తావిడ చేతికిచ్చి (వాడిని ఆవిడ మీ చేతుల్లోంచి లాక్కోకూడదు, మీరే ఇవ్వాలి), "అమ్మ ఆఫీసుకెళ్ళొస్తుంది, నువ్వు పాలు తాగి, పార్కుకెళ్ళొచ్చాక వస్తుంది" అని చెప్పి, బాల్కనీలోంచి చెయ్యి ఊపించమని చెప్పి వెళ్ళిపోండి. ఆరింటికి వస్తా అంటే పాపకి కూడా తెలీదు, ఆ రోజు జరిగే పనులతో చెప్తే తెలుస్తుంది. ఏడుస్తున్నాడని లిఫ్ట్ దగ్గర్నుంచి వెనక్కి రావద్దు, అలా వస్తే ఇంకొంచెం గట్టిగా ఏడిస్తే ఆగిపోతుందన్నమాట అని వాడికి తెలిసిపోతుంది. మొహం నవ్వుతూ పెట్టండి, కష్టమే, కానీ వాళ్ళు మీ మొహం చూసే కొత్తావిడ మంచిదో కాదో తేల్చుకుంటారు. మీరు భయంగా ఇస్తే వాళ్ళు భయంగానే వెళ్తారు. ఆవిడతో మీరు కూర్చుని టీ తాగడం, నవ్వుతూ మాట్లాడటం పిల్లలు చూడాలి, ఇది ఏ ట్రిక్కుకన్నా బాగా పనిచేస్తుంది. "ఏడిస్తే ఆంటీకి ఇచ్చేస్తా", "అల్లరి చేస్తే అమ్మ రాదు" ఇలాంటి మాటలు ఇంట్లో ఎవరి నోటా రాకూడదు, నాన్న నోటా నానమ్మ నోటా కూడా.

కెమెరా ఉంచుకోండి, కానీ అందులోంచి మాట్లాడకండి. గోడలోంచి అమ్మ గొంతు వచ్చి అమ్మ రాకపోతే ఆ పసివాడేం చేయాలి? మధ్యాహ్నం ఒక్కసారి ఆవిడకి ఫోన్ చేసి ఏం తిన్నారు, ఎంతసేపు పడుకున్నారు అడగండి చాలు. కెమెరా ఉందని, ఎక్కడెక్కడ ఉందో ఆవిడకి ముందే చెప్పాలి, చెప్పకపోతే అది మర్యాద కాదు. రోజంతా చూస్తూ కూర్చుంటే మీ ఉద్యోగమూ సాగదు, ఆవిడ చేయీ ఆడదు. టీవీ సంగతి కూడా, 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన సూచనల్లో ఏడాది వయసు పిల్లలకి స్క్రీన్ అసలు వద్దన్నారు, రెండు నుంచి నాలుగేళ్ళ వాళ్ళకి రోజుకి గంట దాటొద్దన్నారు. టీవీ పెట్టి జారుకోవడం మానేస్తే సగం స్క్రీన్ దానంతటదే పోతుంది.

ఇక మీరడిగిన దారులు. ఆయాని ఇప్పుడే మారిస్తే పిల్లలకి మళ్ళీ మొదటి నుంచి మొదలు, పైగా పాపకి ఒకటి బోధపడుతుంది, గట్టిగా వద్దంటే మనుషులు వెళ్ళిపోతారని. పైన చెప్పినట్టు సరిగ్గా అప్పజెప్పి మూడు నాలుగు వారాలు చూడండి. రోజులు గడిచేకొద్దీ ఏడుపు నిడివి తగ్గుతోందా, మీరెళ్ళిన కాసేపటికి ఆటలో పడుతున్నాడా, ఆవిడ దగ్గర కొంచెమైనా తింటున్నాడా, పడితే దెబ్బ చూపించడానికి ఆవిడ దగ్గరికి వెళ్తున్నాడా, ఇవి చూసుకోండి. ఈ చివరిది జరిగిందంటే ఇక పర్లేదు.

కానీ వెంటనే మార్చాల్సిన సందర్భాలు ఉన్నాయి, వాటికి నాలుగు వారాలు ఆగొద్దు. ఒంటి మీద కారణం తెలియని దెబ్బలు, గిల్లిన గుర్తులు, పిల్లలు రోజూ కన్నా ఎక్కువ మత్తుగా పగలంతా నిద్రపోవడం (ఏడవకుండా పడుకోవాలని దగ్గు సిరప్పులు పట్టించేవాళ్ళు ఉంటారు, సీసాలు చూసుకోండి), బట్టలు మార్చబోతే భయపడటం, ఆవిడ చెప్పేదానికీ కెమెరాలో కనపడేదానికీ పొంతన లేకపోవడం. పాపకి ఒంట్లో ఏయే చోట్ల ఎవరూ ముట్టుకోకూడదో, ఎవరు ఏ రహస్యం చెప్పినా అమ్మకి చెప్పొచ్చని మామూలు మాటల్లో చెప్పి ఉంచండి, ఇది ఈవిడ మీద అనుమానంతో కాదు, ఏ పిల్లకైనా తెలియాలి. ఆధార్ కాపీ, ఊరి అడ్రస్, మీ పరిధి పోలీస్ స్టేషన్‌లో వెరిఫికేషన్, ఏజెన్సీ చేయించాం అన్నా మీరు ఇంకోసారి చూసుకోండి. 108, 112, పిల్లల హెల్ప్‌లైన్ 1098, మీ ఇద్దరి నంబర్లు, పిల్లల డాక్టర్ నంబరు ఫ్రిజ్ మీద రాసి అంటించండి. జ్వరమొస్తే మీకు ఫోన్ చేయకుండా ఏ మందూ వేయొద్దని ముందే చెప్పండి.

అత్తయ్యని పిలిపిస్తే ఒక లాభం ఉంది, ఇంట్లో తెలిసిన మనిషి ఉంటుంది, ఆయా మీద ఒక కన్ను ఉంటుంది. కానీ పరిగెత్తే పిల్లాడిని రోజంతా ఒంటరిగా చూసే ఓపిక ఆవిడకి ఉందా, అక్కడ మామగారి సంగతేంటి, ఇవి అడగాలి. ఆవిడ వస్తే కొన్ని వారాలకి వస్తున్నారా, ఉండిపోవడానికా అనేది మీ ఆయన మాట్లాడాలి, మీరు కాదు. కొద్దిరోజులకే వచ్చి, పిల్లలు ఆవిడకి అతుక్కున్నాక వెళ్ళిపోతే అది ఇంకో మామ్మ కథ అవుతుంది, ఆ మాట ఆవిడకి అర్థమయ్యేలా చెప్పండి. ఆవిడ ఉన్నన్నాళ్ళూ పిల్లల పని కొత్తావిడే చేయాలి, అత్తయ్య పక్కనుండాలి, అప్పుడే ఉపయోగం.

డేకేర్ కూడా మంచి దారే. ఒక మనిషి సెలవు పెడితే రోజంతా తలకిందులయ్యే బాధ ఉండదు, చూసే కళ్ళు ఎక్కువ. కాకపోతే మొదటి కొన్ని నెలలు జలుబు, జ్వరాలు తరచూ వస్తాయి, ఆ రోజుల్లో ఎలాగూ ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి, అలవాటు పడటం అక్కడ కూడా మళ్ళీ మొదటి నుంచే. మీ ఆఫీసులోనే ఉందేమో కనుక్కోండి. 2017లో ప్రసూతి చట్టానికి చేసిన సవరణలో 50 మంది, అంతకన్నా ఎక్కువ ఉద్యోగులున్న సంస్థలు క్రెష్ సదుపాయం ఇవ్వాలని, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్ళి చూసుకోవచ్చని పెట్టారు. చాలామంది అడగరు కాబట్టి వాళ్ళూ చెప్పరు. మీ హెచ్‌ఆర్‌ని అడగండి, అడగడంలో తప్పేం లేదు.

ఉద్యోగం మానడం గురించి నేను మానండి అనీ అనను, మానొద్దు అనీ అనను. మీ ఇంటి ఈఎంఐలు, మీకు ఆ పని మీద ఉన్న ఇష్టం నాకు తెలీవు. కానీ ఈ రెండు వారాల ఏడుపు చూసి మాత్రం నిర్ణయం తీసుకోకండి. ఏడుపు తగ్గాక కూడా ఇంట్లో ఉండాలని మీకే అనిపిస్తే అప్పుడు మానండి, అది మీ ఇష్టం అవుతుంది. ఇప్పుడు మానేస్తే అత్తయ్య మాట పడలేక మానినట్టుంటుంది, ఆ కోపం ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. ఇంకోటి, మీ ఉత్తరంలో ఉద్యోగం మానేది మీరే, సెలవు పెట్టేది మీరే, కెమెరా చూసేది మీరే. పిల్లలకి నాన్న కూడా ఉన్నారు. పిల్లలు వాళ్ళే అలవాటైపోతారు అన్న ఆయన మాట సగం నిజమే, అలవాటవుతారు, కానీ ఎవరో ఒకరు పక్కనుండి చేస్తే అవుతారు, ఆ పక్కనుండే పనిలో ఆయన వంతు ఆయన్నే తీసుకోమనండి. కొన్ని రోజులు టాటా చెప్పించుకుని పిల్లాడిని ఆవిడ చేతికిచ్చే పని ఆయన చేస్తే తెలుస్తుంది.

కొత్తావిడ గురించి కూడా ఒక్క మాట. రోజూ ఒక పసివాడు తనని చూసి వాంతి చేసుకుంటుంటే, ఒక పిల్ల తన చెప్పులు విసిరేస్తుంటే ఆవిడకెలా ఉంటుంది? తన ఇద్దరు పిల్లల్ని ఎవరి దగ్గర వదిలి వస్తోందో అడిగారా? అడగండి. ఇది మీ తప్పు కాదమ్మా, పిల్లలు మామ్మ మీద బెంగతో ఉన్నారు అని మీరు చెప్తే ఆవిడ మనసు కుదుటపడుతుంది. వారానికో రోజు సెలవు, నెల మొదట్లో జీతం, తినడానికి కూర్చునే టైమ్, ఇవి సరిగ్గా ఉంటేనే మనిషి నిలబడుతుంది, మనిషి నిలబడితేనే మీ పిల్లలకి నిలకడ.

ఇప్పుడు మీరు చివర్లో రాసిన మాట. బాబు రాత్రిళ్ళు లేచినప్పుడు మీకోసం కాకుండా మామ్మ కోసం ఏడ్చేవాడని, అప్పుడు చెప్పుకోలేని బాధ కలిగిందని, ఇప్పుడు కొత్తావిడకి అలవాటైతే మళ్ళీ అదే జరుగుతుందేమో అని భయమని రాశారు. ఇలా అనిపించడం మహా మామూలు, దాచుకోవాల్సినంత పెద్ద నేరం కాదు. స్కాట్లాండ్‌లో గ్లాస్గో ఊళ్ళో షాఫర్, ఎమర్సన్ అనే ఇద్దరు 60 మంది పసిపిల్లల్ని నెలనెలా ఇళ్ళకెళ్ళి గమనించి 1964లో రాశారు. ఏడాదిన్నర వచ్చేసరికి అందులో ఎక్కువమంది పిల్లలు ఒక్కరికే కాదు, నాన్న, అమ్మమ్మ, అన్న, పక్కింటివాళ్ళు, ఇలా చాలామందికి అతుక్కుని ఉన్నారు. మన ఇళ్ళల్లో అయితే ఇది ఎవరూ రాయక్కర్లేదు, పిన్నుల చేతుల్లో, బాబాయిల భుజాల మీద పెరిగినవాళ్ళమే అందరం. మామ్మని ప్రేమించాడు కాబట్టి మీ వాటా తగ్గలేదు. అసలు మామ్మని అంతగా ప్రేమించగలిగాడు కాబట్టే వీడు ఇంకొకరిని కూడా దగ్గరికి రానిస్తాడని నాకు నమ్మకం. రాత్రి నిద్రపుచ్చే పని మాత్రం మీరే ఉంచుకోండి, ఎంత అలిసిపోయి వచ్చినా సరే, ఫోన్ అవతల పెట్టి. అది మీకూ కావాలి.

వీటన్నిటికీ టైమ్ దొరకాలంటే మీ మేనేజర్‌తో మాట్లాడాలి. ఈ శుక్రవారమే అడగండి, వచ్చే వారం అయిదు రోజులూ ఇంటి నుంచి, ఆ తర్వాత రెండు వారాలు ఆఫీసుకి వారానికి మూడు రోజుల బదులు రెండు. ఒప్పుకోకపోతే మీ ఆయన ఆఫీసులో ఆయన అడగాలి. శనివారం మధ్యాహ్నం పాప లేచాక మామ్మకి వీడియో కాల్ పెట్టుకోండి, ఆవిడకి ముందే చెప్పి ఉంచండి, కొత్తావిడని ఆ శనివారం కాస్త ఎక్కువసేపు ఉండమనండి, ఆ టైమ్‌కి డబ్బులు వేరేగా ఇవ్వండి. నెల తర్వాత ఎలా ఉందో రాయండి. అప్పటికి కూడా బాబు సరిగ్గా తినకపోతే, బరువు తగ్గితే, మీ పిల్లల డాక్టర్‌కి ఒకసారి చూపించి ఆ తర్వాత రాయండి.